రోహిణి కార్తెలో చెద్దరు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునన్న పెద్దల మాటలో అతిశయోక్తి యెంతయో తెలిసికొనగోరువారు ఆ దినములలో ఒకమారు గోదావరిఖనికి రావలెను. మే నెల కడపటి వారమున, పగలు రెండు గంటలవేళ, యైటింక్లయిన్ కాలనీ వీథులలో జనసంచారము నిలిచిపోయి, కుక్కలు సైతము నీళ్ళట్యాంకు క్రింది తడిమట్టిని గోకి అందులో పొట్టలానించి పండుకొని, ఇనుపగేటు ముట్టుకొన్నవాని వ్రేళ్ళు చురుక్కుమనగా, 45 డిగ్రీలు దాటిన అట్టి యొక మధ్యాహ్నమున నేను మా చిన్నమ్మను చూడబోయితిని. రెండు గదుల క్వార్టరు. ముందుగదిలో కూలరు తన గడ్డితడకలనుండి తుంపురులు చిమ్ముచు రొదచేయుచుండగా, చిన్నాయనయు ఆయన కొడుకును దాని యెదుట బనియన్లతో పడియుండిరి. చిన్నమ్మ మాత్రము వంటగది గడప దగ్గర, ఆ గాలి సోకని మూలలో, గోడ కానుకొని, మెడవరకు చెద్దరు కప్పుకొని కూర్చుండియుండెను. కాళ్ళకు, చిన్నాయన బొగ్గుబాయికి తొడుగుకొనిపోయిన నాటి పాత మేజోళ్ళు.

"గా కూలర్ జర బంద్ వెట్టు కొడుకా, సలి వెడ్తాంది" అనెను నన్ను చూచి.

"మీ చిన్నమ్మకు ఎండకాలం రాదురా, ఆమెకు ఏడాదంత సంక్రాంతే" అని చిన్నాయన కన్నులు తెరవకయే నవ్వెను.

ఆ నవ్వులో దుర్బుద్ధి లేదు. నేనును నవ్వితిని. నాలుగేండ్లుగా ఆ యింట ఈ హాస్యము నడచుచునే యుండెను. మొదటి యేడు ఇరుగుపొరుగువారు గాలి సోకినదనిరి. రెండవ యేడు, పెద్దబిడ్డ పెండ్లి అప్పులు తలచికొని తలచికొని మనాది పెట్టుకొన్నదనిరి. మూడవ యేడు ఒక వైద్యుడు, ఆమె చెప్పినదంతయు సగము విని, రక్తమైనను చూడకయే బలము గోళీలు వ్రాసి, "వయసు వస్తున్నది గద" అని పంపివేసెను. ఆమెకప్పటికి నలుబది తొమ్మిదేండ్లు. జ్వరము వచ్చినదనిన థర్మామీటరు పెట్టుదురు, కడుపునొప్పి యనిన చేయి పెట్టి చూతురు; ఎండాకాలమున చలి యన్నవాని మాట మాత్రము వ్యాధిలక్షణముగా గాక స్వభావలక్షణముగా లెక్కింపబడును. "సలిమనిషి" యని యొక పేరు పెట్టినంతనే విచారణ ముగిసిపోవును.

పేరు పెట్టినవారిని పూర్తిగా నిందింపను. ఈ నేలమీద చలియను మాటకు చోటెక్కడ? 1871లో భారత భూగర్భ సర్వేక్షణశాఖకు చెందిన విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గు కనుగొనిననాటినుండియు, 1889లో అక్కడ త్రవ్వకము మొదలైననాటినుండియు, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు స్థిరపడిననాటినుండియు, గోదావరి పొడవునా జరిగిన పనియంతయు అగ్నికి ఆహారము సమకూర్చు పనియే గదా! ఒకవైపు ఓపెన్‌కాస్టు గనుల బోళ్ళలో ఎండను త్రాగి తిరిగి వెడలగ్రక్కెడు నల్లని మట్టికుప్పలు. మరొకవైపు 2,600 మెగావాట్ల రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములు. నడుమ ఇసుకరాతి నేల. వేసవిలో రాష్ట్రమునందలి ఉష్ణోగ్రతల పట్టికను పత్రికలు ప్రకటించునపుడు రామగుండము పేరు పైవరుసలలో లేనిచో మా ప్రాంతమువారికి ఏదో అవమానము జరిగినట్లుండును. ఇక్కడ ఒక వింత చెప్పక ముందుకు పోలేను. ఈ బొగ్గుపొరలకును క్రిందుగా, గోదావరి లోయ యడుగున, భూగర్భశాస్త్రజ్ఞులు తాల్చేరు స్తరములని పిలుచు శిలలున్నవి. అవి ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పైబడిన కాలమున, ఈ భూభాగము దక్షిణధ్రువమునకు చేరువలో నున్నపుడు, హిమానీనదములు ఈడ్చుకొనివచ్చి పడవేసిన గుండ్రాళ్ళు, మట్టియు. ఈ నేల సైతము ఒకప్పుడు వణికినదే. మంచు కరగిన పిదపనే అడవులు పెరిగి బొగ్గయ్యెను.

ఇట్టి చోట వేడిమిని కొలుచు విద్య బాగుగా వృద్ధిచెందుట సహజము. భూగర్భ గనిలో వర్లింగ్ హైగ్రోమీటరను పనిముట్టొకటి యున్నది; చూచుటకు తిరునాళ్ళలో పిల్లలు త్రిప్పు గిలకవలె నుండును. దానికి రెండు థర్మామీటర్లు. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టియుండును. పిడి పట్టుకొని గిరగిర త్రిప్పినచో గుడ్డలోని తడి యారుచు ఆ బల్బును చల్లబరచును. గాలిలో తేమ యెక్కువైనకొలది చల్లబడుట తగ్గును. చెమట పట్టినను ఆరని చోట మనుష్యుడెంత యుడుకునో ఆ తడిబల్బు చెప్పును. పనిచేయు తావున తడిబల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటరాదనియు, 30.5 దాటినచో గాలి సెకనుకు కనీసము 1 మీటరు వేగముతో కదలవలెననియు బొగ్గుగనుల నిబంధనలు చెప్పుచున్నవి. ఈ తడిబల్బు తత్త్వమును గనులలో మొదట నిలకడగా పరిశీలించినవారిలో ముఖ్యుడు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్. గనిలోని విషవాయువును కనిపెట్టుటకు పంజరములో చిన్నపిట్టను తీసికొనిపొండని చెప్పినవాడును ఆయనయే. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనులలో దిగి, తన శరీరమునే పరికరముగా చేసికొని, తడిబల్బు సుమారు 31 డిగ్రీలు దాటిన నిశ్చలవాయువులో మనుష్యుని మేని వేడి అదుపు తప్పునని ఆయన 1905లో ప్రకటించెను.

నాకు హాల్డేన్ గుర్తుకువచ్చుటకు వేరొక కారణము గలదు. ఆ వేడిపరిశోధనకు మూడేండ్ల ముందు, 1902లో, ఆయన అదే కార్న్‌వాల్‌లోని డాల్‌కోత్ గనికి పోయినది, అక్కడి పనివారు పాలిపోయి, మెట్లెక్కిన ఆయాసపడుచు, పనికి రాకుండ పోవుచుండిన కారణము వెదకుటకు. గాలి చెడిపోయినదని అందరును అనుకొనిరి. తీరా చూడగా దోషము గాలిలో లేదు, పేగులలో నున్నది. కొంకిపురుగు! అంతకు ఇరువదేండ్ల పూర్వము, ఆల్ప్స్ కొండలలో సెయింట్ గాట్‌హార్డ్ రైలుసొరంగము త్రవ్విన ఇటాలియను కూలీలు వందలకొలది పాండురోగముతో కూలబడినపుడు, 1880లో ఎడొవార్డో పెర్రొన్‌చీటో మొదలగు వైద్యులు పట్టుకొన్న దొంగయు ఇదియే. వెచ్చగా, తడిగా, మరుగుదొడ్డి లేకుండ నుండు భూగర్భము ఈ పురుగు పిల్లలకు పుట్టినిల్లు. అవి వట్టికాలి చర్మమునుండి దూరి, రక్తములో ప్రయాణము చేసి, పేగుగోడను కరచికొని, బొట్టుబొట్టుగ రక్తము పీల్చును. బూట్లు తొడుగుకొనిన గనికార్మికునికి నేడు ఆ భయము తక్కువ. వట్టికాళ్ళతో పత్తిచేలలో కలుపు తీయు చుట్టుపట్ల పల్లెల ఆడువారికి అంత తక్కువ కాదు. ఆల్బెండజోలు గోళీకి లొంగెడు పురుగు, ఏండ్ల తరబడి ఒక యింటి యిల్లాలిని "సలిమనిషి"ని చేయగలదు.

బాయిలో దిగు మగవానిని ప్రభుత్వశాసనము ఊరక వదలదు. 1955 నాటి గనుల నియమావళి ప్రకారము ఉద్యోగములో చేరుటకు ముందొకమారును, అటుపిమ్మట అయిదేండ్లకొకమారును అతనికి వైద్యపరీక్ష చేయవలెను. పీఎంఈ యని అందరెరుగుదురు. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊదించుట, చెవి, కన్ను. అందులో లోపము కనబడినచో అన్‌ఫిట్. ఆ మాట చుట్టు బొగ్గుబెల్టులో ఎన్ని యాశలు, ఎన్ని పైరవీలు, ఎన్ని కుటుంబకలహములు అల్లుకొన్నవో చెప్పనారంభించిన ఈ వ్యాసము నవల యగును; తండ్రి జబ్బు కొడుకు కొలువుగా మారు దేశములో జబ్బు సైతము ఒక దస్తావేజే. తట్టాచెమ్మసు కాలమునుండి ఫిల్లరుగా బొగ్గెత్తిన మా చిన్నాయన నడుము, కొత్తగూడెములో మెడికల్ బోర్డు ముందు నిలిచి, అట్లే కొడుకునకు బదిలీ వర్కరు పని సంపాదించిపెట్టెను. ఆ యింట తండ్రి రక్తమునకు లెక్కలున్నవి, కొడుకు రక్తమునకును లెక్కలున్నవి. వారిద్దరికిని మూడుపాళ్ళ వేళలకు టిఫినుడబ్బా కట్టుచు ముప్పదేండ్లు గడపిన మనిషి రక్తమునకు మాత్రము, కడపటి కాన్పునాటి చీటి తప్ప, ఒక్క కాగితమును లేదు.

చలియన నేమి? నిశ్చలముగ కూర్చుండిన మనుష్యశరీరము సుమారు ఎనుబది నుండి నూరు వాట్ల వేడిని, అనగా పాతకాలపు బల్బొకటి వెలిగినంత వేడిని, ఎడతెగక పుట్టించుచుండును. ఆ వేడిని 37 డిగ్రీల చుట్టు నిలుపుటకు మెదడు అడుగున చింతగింజంత భాగము కాపలా కాయుచున్నది. వేడి చాలదని తోచినపుడు అది మొదట చేయునది చర్మములోని సన్నని రక్తనాళములను ముడుచుట. రక్తము లోపలి యవయవములకే పోవును, చేతులు, కాళ్ళు చల్లబడును. అప్పటికిని చాలనిచో వణకు పుట్టించును. మన యిండ్లలో మొన్నమొన్నటివరకు మండిన బొగ్గులపొయ్యిని తలచికొనుడు. దానికి కావలసినవి మూడు: కడుపునిండ బొగ్గు, కావలసినంత గాలి, ఊదుగొట్టమెత్తి ఊదువారు. దేహమునకు అన్నము బొగ్గు. నెత్తుటిలోని హిమోగ్లోబిన్ గాలిని మోసికొనివచ్చునది. ఊదునది మెడలోని థైరాయిడ్ గ్రంథి. ఇందులో ఏది తగ్గినను పొయ్యి ఆరదు గాని నివురుగప్పును.

ఈ పొయ్యిలో అసలు మండునదేదో కనుగొన్నవారిలో ఒకడు మనవాడే. భీమవరములో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా చేరిన యెల్లాప్రగడ సుబ్బారావు, 1929లో హార్వర్డునందు ఫిస్కె యను శాస్త్రజ్ఞునితో కలసి ఏటీపీ యను పదార్థమును కండరములలో గుర్తించెను. కండరము ముడిచికొనిన ప్రతిసారి ఈ పదార్థమే విచ్ఛిన్నమగును. తిండినుండి వచ్చిన మొత్తము శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రము పనిగా మారగా తక్కినదంతయు వేడియై పోవును. బొగ్గుతో విద్యుత్తు తీయుటలో మన విద్యుత్కేంద్రములును ఇంచుమించు ఇంతటి దుబారావే. వణకునకు అర్థమిదియే: పనియేమియు లేకున్నను ఆ వేడికొరకే కండరములను ఆడించుట. అందుచేతనే బక్కచిక్కినవారికి, కండ తరిగిన ముసలివారికి, పస్తులుండువారికి చలి యెక్కువ. పొయ్యియే చిన్నదైనపుడు మంటను నిందించి ప్రయోజనము లేదు.

కాని మన ప్రాంతపు ఆడువారి చలికి ముఖ్యకారణము గాలి చాలమి, అనగా రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో 57.6 శాతము రక్తహీనులని తేలెను. అదే సర్వేలో దేశమందలి పురుషులకు ఆ లెక్క 25 శాతము. గర్భము లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గరాదు. ఎనిమిదితో నడచువారు మన వీథిలో ఎందరో యున్నారు. వంట చేయుదురు, నీళ్ళు మోయుదురు, "కాళ్ళు గుంజుతున్నయ్" అందురు, అంతే. ఇనుము కొరవడినపుడు ప్రాణవాయువు చాలకపోవుట యొక్కటియే కాదు. థైరాయిడ్ తన హార్మోనును తయారుచేసికొను ఎంజైమునకును ఇనుము కావలెను. కాబట్టి గాలి తగ్గుటయే గాక ఊదువారును నీరసింతురు. ఇనుముతోబాటు ఫోలికామ్లము, బీ12 తక్కువైనను రక్తహీనతయే. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను వైద్యురాలు, బట్టలమిల్లుల కూలికుటుంబములలో గర్భవతులు పాలిపోయి మరణించుట చూచి, వారి తిండిని వెదకి, ఈస్టుసారమైన మార్మైటుతో ఆ పాండువు తగ్గుట కనిపెట్టి, 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణద్రవ్యమే ఫోలికామ్లము. దానిని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మరల మన సుబ్బారావే. రక్తహీనతతో మనిషిని తినివేయు స్ప్రూ వ్యాధి ఆయన తోడబుట్టినవారిని పొట్టనబెట్టుకొన్నది, ఆయననును పీడించినది. పరిశోధనకు అంతకంటె పెద్ద ప్రేరణ యేమి కావలెను?

తిండి మాట వచ్చినది గనుక ఒక్క పానీయము సంగతి చెప్పవలెను. బొగ్గుబెల్టు మూడుపాళ్ళును చాయ్‌మీద నడచును. తేయాకులోని టానిన్లు ఆకుకూరలలోను పప్పులలోను గల ఇనుమును పట్టుకొని వంటబట్టనీయవు. తోటకూర పప్పుతో తిని, చేయి కడుగుకొని, వెంటనే ఒక కప్పు చాయ్ త్రాగిన గృహిణి ఒక చేత నిచ్చి మరొక చేత గుంజుకొన్నట్లే. నిమ్మకాయ పిండుకొనినచో ఆ ఇనుమే బాగుగ నంటును. మేక కార్జములోని ఇనుమునకు ఈ యాటంకము తక్కువ. కాని యింటిలో కార్జము వండిన దినమున అది మగవారి పళ్ళెములకు పోయిన పిదప గిన్నె గీకుకొనువారెవ్వరో నేను వ్రాయవలసిన పని లేదు.

చిన్నమ్మను ఆ వేసవిలో నేనే పట్టుబట్టి తీసికొనిపోయితిని. డాక్టరమ్మకు ముప్పదేండ్లుండునేమో. ఆమె మొదట చిన్నమ్మ చేతులు పట్టుకొని చాలసేపు వదలలేదు. పిమ్మట క్రింది కనురెప్పను లాగి చూచెను. ఎర్రగ నుండవలసిన లోపలిపొర తమలపాకు వెనుకవైపువలె వెలవెలబోయి యున్నది. నెలసరి యెట్లున్నదని యడిగెను. చిన్నమ్మ నావైపు చూచి, ఊరకుండి, నేను తలుపు దాటిన తరువాత చెప్పెను. మలబద్ధకము, గొంతు బొంగురు, జుట్టురాలుట, కనుబొమల చివరలు పలుచబడుట, తిన్నది లేకున్నను ఒళ్ళువచ్చుట, ఇవన్నియు ఆమెకున్నవనియు, వానినెవ్వరును ఒక్కచోట చేర్చి అడుగలేదనియు అప్పుడే తెలిసెను. కడపట డాక్టరమ్మ ఆమెను కుర్చీమీద మోకాళ్ళూని, పాదములు వ్రేలాడునట్లు నిలువుమని చెప్పి, మడమ వెనుకటి స్నాయువుపై చిన్న రబ్బరుసుత్తితో తట్టెను. పాదము చటుక్కున వెనుకకు కదలెను; కాని తిరిగి యథాస్థానమునకు వచ్చుటకు, రాత్రిపాళి దిగి యింటికి నడచు మనిషివలె, తీరుబడిగా, ఆగి ఆగి వచ్చెను.

"ఇగో చూడండి" అనెను డాక్టరమ్మ నన్ను పిలిచి, రెండవమారు తట్టుచు. "పెద్దమ్మది మనాది కాదు, థైరాయిడ్."

రక్తపరీక్షలో, థైరాయిడ్‌ను పనిచేయుమని తరుము టీఎస్‌హెచ్ ఎంతో యెక్కువగను, హిమోగ్లోబిన్ ఎనిమిది చిల్లరగను వచ్చెను. రెండును ఒక్క త్రాటి ముడులే. థైరాయిడ్ మందగించినచో నెలసరి రక్తస్రావ మధికమగుట కలదు. రక్తము పోయినచో ఇనుము పోవును. ఇనుము పోయినచో థైరాయిడ్ మరింత మందగించును.

ఈ వ్యాధి చరిత్రలో బొగ్గుకు ఒక చిన్న పాత్ర యున్నది. 1873లో లండనునందు విలియం గల్ అను వైద్యుడు నడివయసు స్త్రీలకు ముఖము ఉబ్బి, మాట మందగించి, బుద్ధి మాంద్యము వచ్చు స్థితిని వర్ణించెను. 1878లో విలియం ఆర్డ్ దానికి మిక్సిడీమా యని పేరు పెట్టెను. 1888లో లండను వైద్యసంఘము నియమించిన ఉపసంఘము నూరుమందికి పైగా రోగులను పరిశీలించి దోషము థైరాయిడ్‌దేనని నిర్ధారించెను. పేరు దొరికెను గాని మందు లేదు. 1891లో, ఇంగ్లండులో బొగ్గు ఎగుమతి చేయుటలో ప్రసిద్ధికెక్కిన న్యూకాసిల్ పట్టణమున, జార్జి మర్రే యను యువవైద్యుడు గొర్రె మెడలోని గ్రంథిని నూరి, ఆ రసమును నలుబదియారేండ్ల స్త్రీ చర్మములోనికి సూదితో ఎక్కించెను. పెద్దలు కొందరు నవ్వియుందురు. ఆమె మొగము తేటపడి, మాట తిరిగి, తరువాత గ్రంథిసారమును నోటనే పుచ్చుకొనుచు ఇరువదియెనిమిదేండ్లు జీవించి, 1919లో మరణించెను. ఆ యేండ్లలో ఎనిమిదివందలకు పైచిలుకు గొర్రెల గ్రంథులు ఆమెకొరకు ఖర్చయ్యెనట. 1914 క్రిస్మసు దినమున అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ సారములోని థైరాక్సిన్‌ను వేరుచేసెను. ఇప్పుడు గొర్రెలతో పని లేదు. చుక్కంత తెల్లని గోళీ చాలును. మన దేశమున హైదరాబాదుతో గూడ ఎనిమిది నగరములలో పెద్దలను పరీక్షించి 2013లో ప్రకటించిన అధ్యయనములో సుమారు 11 శాతమునకు ఈ గ్రంథి మందగించినట్లు తేలెను. ఆడువారికి మగవారికంటె సుమారు మూడు రెట్లు.

మగవారికి చలి లేదని నేననలేదు. వారి చలి వేరు, తరచుగా ముక్కలుముక్కలుగా వచ్చును. గట్టిరాతిలో ఏండ్ల తరబడి కంపించు డ్రిల్లు పట్టుకొన్నవానికి శీతకాలపు ఉదయమున వ్రేళ్ళ కొనలు సున్నము పూసినట్లు తెల్లనై, మొద్దుబారి, పిదప నీలమై, వేడి తగిలిన తరువాత ఎర్రబారి సలపవచ్చును. చలికి వ్రేళ్ళనాళములు మితిమీరి ముడుచుకొను ఈ లక్షణమును 1862లో మోరిస్ రేనో వర్ణింపగా, అమెరికాలో ఇండియానా రాష్ట్రపు సున్నపురాతి గనుల పనివారికి గాలియంత్రపు సుత్తులవలన ఇది వచ్చుట ఆలిస్ హామిల్టన్ 1918లో చూపెను. పొగాకు దీనికి ఆజ్యము. బాయిలో దిగునపుడు బీడి, అగ్గిపెట్టె గలవేమోనని మనిషిని తడిమి పంపుదురు. అందుచేత లోపల తంబాకు చెక్కిలిలోనికి చేరును. నికోటిన్ పొగగా పోయినను, నమలబడినను నాళమును ముడుచుట మానదు. పీఎంఈలో బీపీ బయటపడి అటెనొలాల్ వంటి గోళీలు వాడువారికి చేతులు, కాళ్ళు చల్లబడుట ఆ మందు గుణమే. మందు మానరాదు, వ్రాసిన వైద్యునికి చెప్పవలెను. ఇక షుగరువానికి పాదములు మంచుగడ్డలైనట్లు తోచును గాని చేయి పెట్టి చూచినచో వెచ్చగనే యుండును. అది చలి కాదు, చెడిన నరము చెప్పు అబద్ధము. దానిని నమ్మి వేడినీళ్ళసీసా కాళ్ళకానించుకొని, కాలినది తెలియక, వ్రేలు పోగొట్టుకొనువారున్నారు. నిజముగ చల్లబడి, నాడి యందక, నాలుగడుగులు నడచిన పిక్క పట్టివేయు కాలు మరొక జాతి. అది నాళము పూడుకొనుట, ఆలస్యము పనికిరాదు. మగవానికైనను, ముట్లుడిగిన స్త్రీకైనను ఇనుము తక్కువని తేలినపుడు గోళీ మ్రింగి సంతోషింపరాదు, రక్తమెక్కడనైన కారుచున్నదేమో వెదకవలెను. మొలలు కావచ్చును, నడుమునొప్పికి ఏండ్లపాటు మ్రింగిన నొప్పిగోళీలవలని కడుపుపుండు కావచ్చును, అంతకంటె పెద్దది కావచ్చును.

వీటినన్నింటిని చలిజ్వరముతో కలపరాదు. వణకు వచ్చి, దుప్పట్లు నాలుగు కప్పినను ఆగక, పిదప జ్వరమెక్కి, చెమటపట్టి దిగు మలేరియాకు తెలుగువారు రోగలక్షణమునే పేరుగా పెట్టిరి. దాని రహస్యమును 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులోనే దోమకడుపులో చూచెను. ఆ చలి ఒక వేళకు వచ్చి పోవును. మూత్రములో చీము పట్టినను అట్లే వచ్చును. సాయంకాలపు సన్నజ్వరము, దగ్గు, బరువు తగ్గుటతో కూడిన చలి యైనచో, దుమ్ములో పనిచేసినవాడు క్షయను అనుమానింపవలెను. రాక పోక లేకుండ, నెలల తరబడి, అందరికి ఉక్కగ నున్నచోట ఒక్కరికే అంటియుండు చలి వేరు.

అట్టివారికి మొదట కావలసిన పరీక్షలివి: రక్తము పూర్తి లెక్క, ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్, షుగరు, క్రియాటినిన్, అవసరమైనచో బీ12. అన్నియు సరిగనే వచ్చినచో బరువు, నిద్ర, మనస్సు విచారింపవలెను. మనాది నిజముగ నుండవచ్చును, కాని అది చిట్టచివర తేలవలసిన మాట, మొదట అనవలసిన మాట కాదు. చిన్నమ్మ గోళీలలో మాకొక చిక్కు వచ్చెను. థైరాయిడ్ గోళీ పరగడుపున మంచినీళ్ళతో వేసికొని, అర్ధగంటయో గంటయో ఏమియు ముట్టకుండవలెను. ఇనుపగోళీ దానిని వంటబట్టనీయదు. కాబట్టి రెంటికి నడుమ నాలుగు గంటల యెడముండవలెను. ఇనుపగోళీతో మలము నల్లబడునని ముందే చెప్పకున్నచో భయపడి మానివేయుదురు. ఆరెనిమిది వారములకు మరల టీఎస్‌హెచ్ చూడవలెను. గుండెజబ్బున్నవారికి, వృద్ధులకు కొద్దికొద్దిగ మొదలుపెట్టవలెను, తొందర పనికిరాదు.

చిన్నమ్మ కొడుకైన మా తమ్ముడు దీనినంతయు బాయి లెక్కలోనికి మార్చెను. వాడు మొదటిపాళికి లేచు అయిదున్నరకు తెల్లగోళీ. రెండవపాళివారు బయలుదేరు వేళకు ఎర్రగోళీ. గోడమీద కంపెనీ క్యాలెండరులో గీతలు. మొదటి నెల ఏమియు మారలేదు. చిన్నాయన తన సంక్రాంతి హాస్యమును మానలేదు. రెండవ నెలలో మేజోళ్ళు పోయినవి. ఆ యేడు దసరాకు నేను పోయినపుడు చెద్దరు మడతపెట్టి దండెము మీద నుండెను, చిన్నమ్మ కొంగు నడుమున దోపి పిండివంటల పొయ్యి ముందర నుండెను, మెడమీద చెమట.

"సలి పోయింది గద చిన్నమ్మా" అంటిని.

"సలి పోయింది గని" అని ఆమె జంతికల గొట్టము నొక్కుచు, నావైపు తిరుగకుండ, నిజమైన కోపముతో అనెను, "పొద్దుగాల్ల చాయ్ పోయింది కొడుకా. వాడు గ్లాసు పట్టుకొని నా ముందల్నే తాగి పోతడు. నేను గంటసేపు గోడదిక్కు చూసుకుంట కూసుంట."